మత పాలన, లౌకిక పాలన: రోజువారీ స్వేచ్ఛ గురించి హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఈ విషయం మీద మాట మొదలైతే ప్రతి ఇంట్లోనూ ఒక సాక్షి దొరుకుతాడు. నిజాం రోజుల గురించి అమ్మమ్మ చెప్పిన సంగతులు ఒకరికి గుర్తుంటాయి. దమ్మామ్‌లో డ్రైవరుగా చేసి వచ్చిన బాబాయి ఇంకొకరికి ఉంటాడు. ఒకరి అక్క కూతురు ప్యారిస్‌లో చదువుకుంటూ ఉంటుంది. దాంతో మాట వేడెక్కుతుంది గానీ ముందుకు సాగదు. తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. ఈ విషయంలో నాకంటూ ఒక అభిప్రాయం ఉంది, దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

సూటిగా చెప్పండి, ఎక్కడ స్వేచ్ఛ ఎక్కువ?

లౌకిక ప్రభుత్వంలోనే. అయితే అక్కడ నిషేధాలు తక్కువని అనుకోవద్దు. లౌకిక ప్రభుత్వాలూ తిండి మీద, బట్ట మీద, మాట మీద బోలెడన్ని ఆంక్షలు పెడతాయి, మన ప్రభుత్వాలూ పెట్టాయి. అసలు తేడా నిషేధం పెట్టినవాణ్ని నిలదీసే చోటు ఉందా లేదా అన్నది. మున్సిపాలిటీ ఒక ఆర్డర్ ఇస్తే హైకోర్టుకు వెళ్లొచ్చు, పేపర్లో తిట్టొచ్చు, వచ్చే ఎన్నికల్లో ఓడించొచ్చు. అదే ఆర్డర్ దేవుడి పేరున వస్తే దాన్ని ప్రశ్నించడం నేరమూ అవుతుంది, పాపమూ అవుతుంది. అప్పీలు ఎవరికి చేసుకోవాలి?

అధికార మతం ఉన్న ప్రతి దేశమూ మత పాలన కిందికే వస్తుందా?

రాదు. బ్రిటన్ రాజు అక్కడి చర్చికి అధిపతి. 26 మంది బిషప్పులు పార్లమెంటు ఎగువ సభలో కూర్చుంటారు. అయినా లండన్‌లో ఎవరు ఏం తినాలో, ఎవర్ని పెళ్లాడాలో ఆ బిషప్పులు తేల్చరు.

చట్టం మీద ఆఖరి మాట ఎవరిదో చూడాలి. ఇరాన్‌లో ఎన్నికలు జరుగుతాయి, పార్లమెంటూ ఉంది. కానీ ఆ పార్లమెంటు చేసిన ప్రతి చట్టాన్నీ 12 మంది సభ్యుల గార్డియన్ కౌన్సిల్ ఇస్లాంకు అనుగుణంగా ఉందో లేదో పరిశీలిస్తుంది. అందులో ఆరుగురు మత పండితులను దేశాధినేత అయిన మత పెద్ద, సుప్రీం లీడరే నియమిస్తాడు. ఎన్నికల్లో ఎవరు పోటీ చేయొచ్చో కూడా ఆ కౌన్సిలే వడపోస్తుంది. తాలిబాన్ల అఫ్గానిస్తాన్‌లో ఆ పార్లమెంటు కూడా లేదు, అధినేత ఫర్మానాలే చట్టం. సౌదీలో రాజు పాలిస్తాడు, దేశానికి రాజ్యాంగం ఖురాన్, ప్రవక్త సంప్రదాయమైన 'సున్నా' అని 1992 నాటి బేసిక్ లా చెబుతుంది. ఇవి మూడూ ఒకే అచ్చులో పోసినవి కావు. రియాద్‌ను కాబూల్‌తో కలిపి మాట్లాడితే రియాద్‌లో ఉన్నవాళ్లకు కోపం రావడం న్యాయమే.

మరి నిజాం పాలన మత పాలనేనా? మా ఇంట్లో దీని మీద రెండు వర్గాలున్నాయి.

ఆ రెండు వర్గాలూ సగం సగం నిజమే చెబుతున్నాయి.

రాజు ముస్లిం, ప్రజల్లో ఎక్కువమంది హిందువులు. కొలువులు ఎక్కువగా ఒక వర్గానికే దక్కేవి, కోర్టు భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో బోధన కూడా ఉర్దూలోనే. తెలుగులో ఒక గ్రంథాలయం పెట్టుకోవడమే ఉద్యమంలా సాగింది. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడండి. సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి కావాలి. అప్పటివాళ్లు భయంగానూ వెటకారంగానూ తలచుకునే 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు అదే. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపేస్తే, చాలామంది నాగపూర్ యూనివర్సిటీకి వెళ్లి చదువు పూర్తి చేశారు. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు.

ఇదంతా నిజం. అయినా దాన్ని మత పాలన అనడానికి నాకు నోరు రాదు. మహారాజా కిషన్ ప్రసాద్ రెండుసార్లు ఆ రాజ్యానికి ప్రధానమంత్రి. గుళ్లకూ సర్కారు గ్రాంట్లు అందేవి. పల్లెలో రైతు మెడ మీద కాలు పెట్టినవాడు ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ పేరు రామచంద్రారెడ్డి. చాకలి ఐలమ్మ భూమి మీద కన్నేసింది అతనే. వెట్టి చేయించిన గడీల్లో ఎక్కువ భాగం హిందూ దొరలవే. ఐలమ్మకు లేని స్వేచ్ఛ మసీదు వల్ల పోయింది కాదు, గడీ వల్ల పోయింది. ఇక రాజుకు ఎదురు మాట్లాడిన ముస్లింలకు మాత్రం ఏం దక్కింది? భారత్‌లో విలీనం కావాలని రాసినందుకు 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రాత్రిపూట ఇంటికి వెళుతుండగా చంపేశారు. కవి మఖ్దూం మొహియుద్దీన్ అజ్ఞాతంలోకి పోవాల్సి వచ్చింది. అది రాచరికం, దాని కింద జాగీర్దారీ. చివరి రోజుల్లో రజాకార్లు దానికి మతం రంగు దట్టంగా పూశారు.

ఇంకో సగం కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 1948 సెప్టెంబరు పోలీస్ చర్య సమయంలోనూ, ఆ తర్వాతా రాజ్యంలోని జిల్లాల్లో, ముఖ్యంగా మరాఠీ ప్రాంతాల్లో, ముస్లింల మీద ఘోరమైన హింస జరిగింది. ఢిల్లీ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు. అప్పటికే అక్కడ అధికారం లౌకిక భారత ప్రభుత్వానిది.

మా బాబాయి సౌదీలో పదిహేనేళ్లు ఉన్నాడు. హాయిగానే ఉందంటాడు. మరి మత పాలన అంత చెడ్డదా?

బాబాయి అబద్ధం చెప్పడం లేదు. జీతం వస్తుంది, దొంగల భయం తక్కువ, గొడవలకు పోనివాడిని పట్టించుకునేవాళ్లూ తక్కువ. కానీ ఆయన్నే ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. వినాయక చవితి ఎక్కడ చేసుకున్నావు బాబాయ్? పక్క గదిలో ఉన్న కేరళ క్రైస్తవుడు ఆదివారం ఏ చర్చికి వెళ్లేవాడు? సౌదీలో గుడి గానీ చర్చి గానీ లేవు. గదిలో తలుపు వేసుకుని దండం పెట్టుకుంటే చూసీ చూడనట్టు పోతారు. ఆ చూసీ చూడకపోవడం మీదే బతుకంతా ఆధారపడి ఉంటుంది.

ఈ మధ్య చాలా మారిందని కూడా ఆయన అంటాడు, అదీ నిజమే. 2016లో మత పోలీసుల అరెస్టు అధికారం తీసేశారు. 2018 ఏప్రిల్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా మూతపడ్డ సినిమా హాళ్లు తెరిచారు. అదే ఏడాది జూన్ 24 నుంచి ఆడవాళ్లకు కారు నడిపే అనుమతి వచ్చింది. 2019లో 21 ఏళ్లు దాటిన మహిళ మగ సంరక్షకుడి సంతకం లేకుండా పాస్‌పోర్టు తీసుకునే వీలు వచ్చింది. 2021లో నమాజు వేళ దుకాణాలు మూయాలన్న పట్టు సడలింది.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగండి. ఆడవాళ్లు కారు నడపాలని ఏళ్ల తరబడి పోరాడిన లౌజైన్ అల్-హత్లౌల్‌ను 2018 మేలో అరెస్టు చేశారు. నెల తిరగ్గానే నిషేధం ఎత్తేశారు. తాను అడిగిన హక్కు దేశమంతటికీ వచ్చినప్పుడు ఆమె జైల్లో ఉంది, 2021 ఫిబ్రవరి దాకా బయటికి రాలేదు. రాజు దయతలిచి ఇచ్చాడు, కాబట్టి అది కానుక అయింది. నోరు తెరిచి అడిగినవాళ్లకు మాత్రం శిక్ష పడింది. నా వరకు గల్ఫ్ గురించి వంద కబుర్ల కన్నా ఈ ఒక్క సంగతి ఎక్కువ చెబుతుంది.

ఇంకోటి. మన కరీంనగర్, నిజామాబాద్ కార్మికులు గల్ఫ్‌లో పడే కష్టాల్లో చాలా భాగం మతం వల్ల వచ్చినవి కావు. యజమాని ఒప్పుకోకపోతే ఉద్యోగం మారలేని కఫాలా పద్ధతి వల్ల వచ్చినవి. దాన్ని ఇస్లాం ఖాతాలో రాయడం తప్పు.

మన మతం వాళ్లే పాలిస్తే మనకొచ్చే ఇబ్బంది ఏముంది?

అందరికన్నా ముందు ఇబ్బంది పడేది ఆ మతం వాళ్లే.

పాకిస్తాన్‌లో తాము ముస్లింలమని చెప్పుకునే అహ్మదీలను 1974లో రాజ్యాంగ సవరణ చేసి ముస్లిమేతరులుగా ప్రకటించారు. 1984 ఆర్డినెన్సుతో తమ ప్రార్థనాస్థలాన్ని మసీదు అనడం కూడా వాళ్లకు నేరమైంది. ఇరాన్‌లో ఆర్మేనియన్ క్రైస్తవులకు, యూదులకు, జొరాస్ట్రియన్లకు పార్లమెంటులో రిజర్వు సీట్లున్నాయి. ఇరాన్ గడ్డ మీదే పుట్టిన బహాయీలకు మాత్రం గుర్తింపే లేదు, యూనివర్సిటీలో చేరనివ్వరు. హైదరాబాద్‌లో మొహర్రం నాడు డబీర్‌పురా నుంచి షియాల పవిత్ర ధ్వజం బీబీ కా ఆలం ఏనుగు మీద ఊరేగుతుంటే పోలీసులు ట్రాఫిక్ ఆపుతారు, హిందువులూ నిలబడి చూస్తారు. షియాలకు ఈ మాత్రం నిశ్చింత లేని ముస్లిం దేశాలు చాలానే ఉన్నాయి.

హిందూ రాజ్యమైతే వేరుగా ఉంటుందని అనేవాళ్లు ఉంటారు. దానికీ చరిత్ర ఉంది. ఇప్పటి కేరళలోని తిరువాన్కూరు రాజులు 1750లో రాజ్యాన్ని పద్మనాభస్వామికి అంకితమిచ్చి, ఆయన దాసులుగా పాలించారు. ఆ రాజ్యంలో వైకోం గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికి అవర్ణ హిందువులు 1924-25లో సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. గుడిలోకి రానివ్వడానికి 1936 దాకా ఆగారు. నేపాల్‌లో 1854 నాటి చట్టసంహిత ములుకీ ఐన్ ఒకే నేరానికి కులాన్ని బట్టి శిక్ష వేరుగా రాసింది. ఆ దేశం 2006 దాకా హిందూ రాజ్యంగానే ఉంది.

బట్టల సంగతి? ఫ్రాన్స్‌లో తలగుడ్డ తీయమంటారు, ఇరాన్‌లో వేసుకోమంటారు. రెండూ ఒకటే కదా?

రెండూ తప్పే అన్నది నా అభిప్రాయం, కానీ ఒకటి కావు.

ఇరాన్‌లో 1979 విప్లవం తర్వాత హిజాబ్ ఒత్తిడి మొదలై 1983 నాటికి చట్టమైంది. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ అనే 22 ఏళ్ల అమ్మాయిని తలగుడ్డ సరిగా లేదని పట్టుకెళ్లారు, మూడు రోజులకు ఆసుపత్రిలో చనిపోయింది. వీధుల్లోకి వచ్చినవాళ్లలో కొందరికి ఉరి పడింది. ఫ్రాన్స్‌లో 2004 చట్టం ప్రభుత్వ బడుల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలను నిషేధించింది, సిక్కు పిల్లల తలపాగా కూడా అందులో పోయింది. 2010లో బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడం, 2023లో బడుల్లో అబాయా (ఒళ్లంతా కప్పే పొడవాటి వస్త్రం) నిషేధించారు. కానీ 2016లో కొన్ని ఊళ్లు బీచ్‌లో బుర్కినీని (ఒళ్లంతా కప్పే ఈత దుస్తులను) నిషేధిస్తే, అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం అది చెల్లదంది. టెహ్రాన్‌లో అలాంటి కోర్టు గడప లేదు.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలో 2022లో కాలేజీల్లో హిజాబ్ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళితే ఇద్దరు జడ్జీలు చెరో మాట చెప్పారు. తేలలేదు. ఈలోగా ఎందరు ఆడపిల్లల చదువు దెబ్బతిందన్నది వేరే లెక్క. కోర్టు గడప ఉన్నంత మాత్రాన న్యాయం వేళకు అందుతుందని నేను అనడం లేదు.

అఫ్గానిస్తాన్‌ను ఈ పోలికలోకి తేవడానికే మనసొప్పదు. అక్కడ ఆరో తరగతి దాటితే ఆడపిల్లకు బడి లేదు. 2022 డిసెంబరు నుంచి యూనివర్సిటీ లేదు. 2023లో బ్యూటీ పార్లర్లు మూయించారు. 2024 నాటి చట్టం బయట ఆడవాళ్ల గొంతు వినపడటాన్ని కూడా తప్పుపట్టింది.

సెక్యులర్ అంటే దేవుణ్ని నమ్మని ప్రభుత్వమా?

కాదు. దేవుణ్ని నమ్మొద్దని హుకుం జారీ చేసిన ప్రభుత్వాలు వేరే ఉన్నాయి. అల్బేనియా 1967లో మసీదులు, చర్చిలు అన్నీ మూసేసి తాను నాస్తిక రాజ్యమని ప్రకటించుకుంది. అదీ ఒక రకం మత పాలనే, దేవుడి కుర్చీలో పార్టీ కూర్చుంది.

మతాన్ని పక్కకు నెట్టే ఊపులో హద్దు దాటిన లౌకిక ప్రభుత్వాలూ ఉన్నాయి. టర్కీ 1924లో ఖలీఫా పదవిని రద్దుచేసి ఒట్టోమన్ కుటుంబాన్ని దేశం నుంచి వెళ్లగొట్టింది. 1925లో మగవాళ్లు ఫెజ్ టోపీ పెట్టుకోవడాన్ని నిషేధించింది. 1932 నుంచి 1950 దాకా అజాన్ అరబ్బీలో పిలవనివ్వలేదు. అలా దేశం విడిచిన ఆ కుటుంబపు ఆడపిల్లలు ఇద్దరు 1931లో నిజాం కొడుకులను పెళ్లాడి హైదరాబాద్ వచ్చారు. ఒకరు దుర్రుషెహ్వార్, రెండోవారు నీలోఫర్. మన పిల్లలకు జ్వరమొస్తే పరుగెత్తే నీలోఫర్ హాస్పిటల్ ఆ రెండో ఆవిడ పేరు మీద ఉన్నదే.

పెళ్లి విషయంలో తేడా ఎంత?

రోజువారీ స్వేచ్ఛలో అన్నిటికన్నా పెద్దది ఇదే, కాస్త వివరంగా చెబుతాను.

ఇజ్రాయెల్ ప్రజాస్వామ్య దేశమే. కానీ అక్కడ పెళ్లి మత పెద్దల చేతిలోనే ఉంది, సివిల్ మ్యారేజ్ లేదు. యూదు అబ్బాయి క్రైస్తవ అమ్మాయిని చేసుకోవాలంటే సైప్రస్‌కు విమానం ఎక్కి, అక్కడ పెళ్లాడి, ఆ సర్టిఫికెట్ తెచ్చి రిజిస్టర్ చేయించుకుంటారు. ఐర్లండ్‌లో 1995 రెఫరెండం దాకా విడాకులే లేవు. ఇరాన్‌లో పెళ్లయిన ఆవిడ పాస్‌పోర్టు తీసుకోవాలంటే భర్త అనుమతి కావాలి. 2015లో ఆ దేశపు మహిళా ఫుట్సల్ (ఇండోర్ ఫుట్‌బాల్) జట్టు కెప్టెన్ భర్త ఒప్పుకోనందున ఆసియా టోర్నీకి వెళ్లలేకపోయింది.

మన దగ్గర 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ఉంది. ఏ మతం వాళ్లయినా మతం మారకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకోవచ్చు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. చిక్కల్లా 30 రోజుల నోటీసు. పేర్లు, అడ్రసులు ఆఫీసు బోర్డు మీద పెడతారు. వయసు చాలకపోవడం, ముందే పెళ్లయి ఉండటం, దగ్గరి రక్తసంబంధం లాంటి కారణాలకే అభ్యంతరం చెల్లుతుంది. 'మా ఇంట్లో ఇష్టం లేదు' అన్నది అభ్యంతరం కాదు. కానీ ఆ బోర్డు చదివి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఉంటారు. లౌకిక చట్టం రాసినవాళ్లే ఇంటి పెద్దల చేతికి 30 రోజుల గడువు ఇచ్చినట్టయింది. నా ఉద్దేశంలో ఆ నోటీసు ఎప్పుడో పోవాల్సింది.

ఇక మత పద్ధతిలో పెళ్లాడినవాళ్ల విడాకులు, ఆస్తి ఇప్పటికీ ఎక్కువగా మతాన్ని బట్టే నడుస్తాయి. అంటే మన లౌకిక రాజ్యంలో పెళ్లి గది తలుపు తాళం ఇంకా మతం దగ్గరే ఉంది, కోర్టు దగ్గర డూప్లికేట్ తాళం ఉంది. ఆ డూప్లికేట్ వాడిన సందర్భాలు మన రాష్ట్రంలోనే కనిపిస్తాయి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా అందరిలాగే పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనే. భర్త ఒప్పుకున్నా లేకున్నా ఖులా (భార్య తన వైపు నుంచి తీసుకునే విడాకులు) కోరే హక్కు భార్యకు ఉందని 2025లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. 2017లో ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది.

హిందువులు దీన్ని చూసి మురిసిపోనక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా దేశమంతటా వచ్చింది 2005లో. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచే తెలుగునాట అమలు చేసింది. అది కూడా అప్పటికి పెళ్లి కాని కూతుళ్లకే. ఆ వాటా ఇప్పటికీ ఎన్ని ఇళ్లలో 'పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదమ్మా' అన్న మాటతో సరిపెడుతున్నారో మీకే తెలుసు.

తిండి, మందు?

ఇక్కడ మన ప్రభుత్వం మరీ అంత లౌకికమైనదేమీ కాదు. ఆవును వధించడం 1977 చట్టం ప్రకారం నేరం. మహావీర్ జయంతికి, గాంధీ జయంతికి కబేళాలు మూయిస్తారు. 2012లో ఉస్మానియా క్యాంపస్‌లో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే కొట్లాట అయింది. మరోవైపు రంజాన్ నెలలో పగలు హోటల్‌కు వెళ్లి దోశ తింటే ఎవరూ ఏమీ అనరు, అర్ధరాత్రి దాటాక హలీం కోసం అన్ని మతాలవాళ్లూ క్యూ కడతారు. ఉపవాసం ఉండేవాడికీ ఉండనివాడికీ ఒకే వీధిలో చోటుంది. ఇది చిన్న విషయం కాదు.

మద్యం గురించి ఒక్క మాట. ప్రతి నిషేధం వెనకా మతం ఉంటుందని అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు, 1995లో రాష్ట్రమంతటా మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. పెట్టినా తీసినా అసెంబ్లీలోనే జరిగింది.

మైక్ సౌండ్?

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు గుడికీ మసీదుకూ చర్చికీ బారాత్‌కూ ఒకటే. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు ప్రభుత్వం సడలించొచ్చు. అమలు గురించి అడక్కండి.

ఊరేగింపుల విషయంలో మాత్రం ఈ ఊరు ఒక్కోసారి చట్టం కన్నా మెరుగ్గా ఉంటుంది. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజు వస్తే ముస్లిం పెద్దలు తమ జులూస్‌ను వాయిదా వేసుకున్నారు. ఏ కోర్టూ చెప్పలేదు.

మతం మీద విమర్శ చేస్తే జైలేనా?

ఇండియా, పాకిస్తాన్ రెండూ 1860 నాటి ఒకే శిక్షాస్మృతితో మొదలయ్యాయి. మత భావాలను కావాలని గాయపరిస్తే శిక్ష అనే 295ఏ సెక్షన్‌ను బ్రిటిష్‌వాళ్లు 1927లో చేర్చారు. విడిపోయాక అక్కడ 1980లలో 295బి, 295సి చేర్చారు, ఇప్పుడు ప్రవక్తను కించపరిచారన్న నేరానికి మరణశిక్ష. ఇక్కడ ఆ పాత సెక్షనే భారతీయ న్యాయ సంహితలో 299గా కొనసాగుతోంది, గరిష్ఠంగా మూడేళ్లు. మూడేళ్లకూ ఉరికీ మధ్య ఉన్న దూరం రెండు రకాల రాజ్యాల మధ్య దూరమే.

కానీ మూడేళ్లు కూడా భయపెట్టడానికి సరిపోతాయి. పైగా గుంపులు ఉన్నాయి. 2007 ఆగస్టులో హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ మీద ఎమ్మెల్యేల ఆధ్వర్యంలో ఒక గుంపు దాడి చేసింది. తర్వాత ఆవిడ మీద కూడా కేసు పెట్టారు. అలాంటి రోజున ప్రభుత్వం ఎవరి పక్కన నిలబడిందో చూసి దాని లౌకికత్వాన్ని లెక్కగట్టాలి.

మతం మారొచ్చా? అసలు ఏ మతమూ లేకుండా ఉండొచ్చా?

ఉండొచ్చు. రాజ్యాంగం 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛ ఇస్తుంది, నమ్మకపోవడమూ అందులో భాగమే. గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, అది తర్వాత విజయవాడకు మారి ఇప్పటికీ నడుస్తోంది. పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో 'మతం లేదు, కులం లేదు' అని రాసుకునే వీలు కల్పించాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

మెలిక ఎక్కడుందంటే, ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకే వర్తిస్తుందని 1950 ఉత్తర్వు, దాని సవరణలు చెబుతాయి. మాల, మాదిగ కుటుంబం క్రైస్తవంలోకి వెళితే కాగితం మీద బీసీ-సి అవుతుంది. అందుకే ఆదివారం చర్చికి వెళ్లి, సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. వాళ్లను దొంగలన్నట్టు మాట్లాడేవాళ్లు, మతం మారగానే వాడలో వివక్ష ఆగిపోయిందా అని ఒకసారి అడిగి చూడాలి.

లౌకిక ప్రభుత్వానికి గుళ్లతో పనేంటి?

దేవాదాయ శాఖ 1987 చట్టం కింద గుళ్ల ఆదాయ వ్యయాలు చూస్తుంది, వక్ఫ్ ఆస్తులకు బోర్డు ఉంది. బోనాలకు, రంజాన్‌కు, క్రిస్మస్‌కు సర్కారు డబ్బు ఖర్చవుతుంది. ఇది దూరంగా ఉండే లౌకికత్వం కాదు, అందరి పండక్కీ వెళ్లే లౌకికత్వం. పిలవని పేరంటానికి కూడా వెళుతుందన్నదే దీని మీద ఫిర్యాదు.

ఎమర్జెన్సీలో కూడా మనది లౌకిక ప్రభుత్వమే కదా?

బాగా పట్టుకున్నారు. రాజ్యాంగ పీఠికలో ఆ మాట చేర్చింది 1976లో, 42వ సవరణతో, ఎమర్జెన్సీ మధ్యలో. పత్రికల మీద సెన్సార్ ఉంది, ప్రతిపక్షం జైల్లో ఉంది. లౌకికమైనంత మాత్రాన స్వేచ్ఛ ఉంటుందని ఎవరైనా అంటే వాళ్లకు ఈ తేదీ చెప్పండి. మరుసటి ఏడాది ఓటుతో ఆ ప్రభుత్వం పోయిందని కూడా చెప్పండి.

చట్టంలో ఇన్ని హక్కులుంటే, మా అపార్ట్‌మెంట్‌లో ముస్లింలకు ఇల్లు ఎందుకివ్వరు?

రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర, రోడ్ల మీద వివక్షను నిషేధించింది. మీ ఫ్లాట్ అద్దెకివ్వడం దాని పరిధిలోకి నేరుగా రాదు. టు-లెట్ బోర్డు మీద 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని రాసేవాళ్లకు ఈ సందు బాగా తెలుసు. ఫోన్లో పేరు అడగ్గానే 'ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ' అనే జవాబు పాతబస్తీ కుర్రాడికీ, ఒక్కోసారి ఎస్సీ కుర్రాడికీ అలవాటైపోయింది.

ఇళ్లలో సంగతి ఇంకా దారుణం. 2018లో మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని, 2022 మేలో సరూర్‌నగర్‌లో వేరే మతం అమ్మాయిని పెళ్లాడిన యువకులను అందరి ముందే చంపారు. ఆ రెండు పెళ్లిళ్లూ చట్టానికి సమ్మతమే. మన ఊళ్లో రోజువారీ స్వేచ్ఛకు కాపలా కాస్తున్నది, తాళం వేస్తున్నది ఎక్కువగా కుటుంబమే. ఆ కుటుంబానికి మత పాలన ఒక లాఠీ ఇస్తుంది. లౌకిక ప్రభుత్వం, పనిచేసిన రోజున, ఆ లాఠీ లాక్కుంటుంది.

నాకు ఇంట్లోనో బస్తీలోనో బెదిరింపు వస్తే ఏం చేయాలి?

ప్రమాదం ఎదురుగా ఉంటే 112కు, మహిళలైతే 181కి కూడా ఫోన్ చేయండి. మేజర్లయిన జంటను బెదిరించే కుటుంబాల, పంచాయతీల నుంచి రక్షణ కల్పించాలని, జిల్లాల్లో ప్రత్యేక సెల్‌లు పెట్టాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఆదేశించింది. స్టేషన్‌లో 'పెద్దమనుషులతో కూర్చోబెట్టి మాట్లాడదాం' అంటే ఈ తీర్పు సంగతి చెప్పి, మీ ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. వయసు రుజువు కాగితం ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి, చాలా కేసుల్లో మొదట మాయమయ్యేది అదే. లాయరుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు పురానీ హవేలీలో, సిటీ సివిల్ కోర్టు ఆవరణలో ఉంది.